మూడో బొమ్మలోని బొటనవేలు

ఫిబ్రవరి 3, సోమవారం

లిఫ్టులో పక్కింటావిడ కలిసింది. నేనేం ఉద్యోగం చేస్తానో ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. మళ్ళీ చెప్పాను. ఎవరైనా ఒక కొత్త వస్తువు కనిపెట్టామని పేటెంటు అడిగితే, అది నిజంగా కొత్తదేనా, అంతకుముందే ఎవరైనా చేసి పెట్టారా అని వెతికి తేల్చడం నా పని. "అంటే దొంగల్ని పట్టుకోవడమా?" అంది. దాదాపు అంతేనండీ అన్నాను. ఈసారైనా గుర్తుంటుందేమో.

ఆఫీసులో కొత్త ఫైలు. ఎలక్ట్రానిక్ పరికరాల కేసింగ్‌లో అమర్చే జారుడు బటన్. చేతిలో పట్టుకునే చిన్న పరికరం, దాని పైతొడుగులో ఒక గాడి, గాడిలో అటూ ఇటూ జారే బటన్, కింద స్ప్రింగు. ఇలాంటివి చూసీ చూసీ నా కళ్ళు అరిగిపోయాయి. మధ్యాహ్నంలోగా తేల్చెయ్యొచ్చు అనుకున్నాను.

ఎప్పటిలాగే మొదటి పేజీ దాటేశాను. పేరూ ఊరూ ఉండేది అక్కడే. అది వదిలేసి, 'ఇదీ మాది' అని వాళ్ళు హక్కు అడిగే వాక్యాల దగ్గరికి నేరుగా వెళ్ళడం నాకు పని నేర్పిన గురువుగారి పద్ధతి. వాటిని క్లెయిములంటాం. ముందు క్లెయిములు చదువు, తర్వాత బొమ్మలు చూడు, పేరు అన్నిటికన్నా చివర చూడు, ముందే చూశావంటే కన్ను వంకరపోతుంది అనేవారు ఆయన. ఆయన రిటైరయ్యారు. ఆ పద్ధతి మా సెక్షన్‌లో నాకొక్కదానికే మిగిలింది. పక్క సీటాయన దాన్ని నా చాదస్తం అంటాడు.

మొదటి క్లెయిము మామూలుగానే ఉంది. గాడి సూటిగా పోకుండా అరచేతి వైపుకి కాస్త వంపు తిరిగి ఉందట. సరే. బొమ్మలకి వెళ్ళాను. మొదటిది పరికరం. రెండోది విడదీసిన భాగాలు. మూడో బొమ్మలో బటన్‌ని చేయి ఎలా కదుపుతుందో చూపించడానికి చుక్కల గీతతో ఒక బొటనవేలు గీశారు.

అక్కడ ఆగిపోయాను. వెళ్ళి టీ తాగొచ్చాను. మళ్ళీ చూశాను. ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా వేరే పని ఏదీ చెయ్యలేదు.

ఫిబ్రవరి 4

ఎడమ చేతిది. చివరి కణుపు వంగదు. గోరు ఒక పక్కకి ఒరిగి ఉంది.

ఫిబ్రవరి 5

చిన్నప్పుడు తలుపు సందులో వేలు నలిగిన ఆడపిల్లని లోకంలో నేనొక్కదాన్నేనా? ఎంతమంది ఉండరు. ఎంత మందికి కణుపు బిగుసుకుపోయి ఉండదు.

కానీ మిగతా అర్జీల్లో వేళ్ళు ఇలా ఉండవు. కంప్యూటర్లో ఎక్కడో ఒక తయారు వేలు ఉంటుంది, పొడుగు వంకాయలా, దాన్నే తెచ్చి అందరూ అతికిస్తారు. దీనికి కణుపు దగ్గర ముడతలున్నాయి. గోరు పక్కన ఆ చిన్న నొక్కు కూడా ఉంది. ఆ నొక్కు దూరం నుంచి కనిపించేది కాదు, పక్కన కూర్చుని చూస్తే తప్ప తెలియదు.

ఆ మనిషి ఎప్పుడూ పక్కన కూర్చునేవాడు. చూసేవాడని మాత్రం నాకు తెలియదు.

ఫిబ్రవరి 6

ఆఫీసు నియమం నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. అర్జీ పెట్టింది దగ్గరి బంధువైతే ఫైలు ఆ రోజే పెద్దసారుకి అప్పజెప్పాలి. భర్త అంటే దగ్గరి బంధువే. విడిగా ఉంటున్నా, కోర్టుకెళ్ళే ఓపిక ఇద్దరికీ లేక కాగితాల మీద మేమింకా మొగుడూ పెళ్ళాలమే.

అయితే ఇది ఎవరి అర్జీయో నాకు తెలియదు. మొదటి పేజీ చూస్తే కదా తెలిసేది. నేను చూడలేదు. చూడకపోవడం నా పద్ధతి. ఇందులో తప్పు పట్టాల్సింది ఏముంది?

ఫిబ్రవరి 9, ఆదివారం

అక్క ఇంటికి భోజనానికి వెళ్ళాను. బావగారు ఊళ్ళో లేరు. అక్క ఎప్పటి పాటే ఎత్తుకుంది. ఎన్నాళ్ళిలా ఒక్కదానివే, అటో ఇటో తేల్చుకో, మరిదిని వదిలేస్తే వదిలేసినట్టు కాగితం తీసుకో, లేకపోతే పోయి కలుసుకో అని. తేల్చడం నాకు ఆఫీసులోనే సరిపోతుందన్నాను. నవ్వలేదు.

ఆ మనిషి ఊసు ఏమైనా వచ్చిందా అని అడగబోయి ఊరుకున్నాను. అడిగే మొహం నాకెక్కడిది? ఆ ఇల్లు వదిలి వచ్చిన రోజున అక్కతో నేనే చెప్పాను, అతని దగ్గర్నుంచి ఏదొచ్చినా విప్పకుండా తిప్పి పంపెయ్యి, నేనెక్కడున్నానో ఏం చేస్తున్నానో ఒక్క ముక్క చెప్పకు అని. మా అక్క మాటంటే మాటే. అప్పటికి నాకీ ఉద్యోగం రాలేదు. పుట్టింటి ఇంటిపేరుతో పరీక్ష రాసి, పుట్టింటి ఇంటిపేరుతోనే చేరాను. వెతికే ఉద్దేశం ఉన్నవాడికైనా నేను దొరకను. వెతికే ఉద్దేశం ఉండాలిగా ముందు.

పప్పులో ఉప్పు ఎక్కువైంది. అదీ అనలేదు.

ఫిబ్రవరి 13

ఈ బటన్‌ని కొట్టిపారేసే పాత కాగితం దొరికింది. ఎప్పటిదో ఒక టార్చిలైటు పేటెంటు. కేసింగ్‌లో గాడి, గాడిలో బటన్, కింద స్ప్రింగు, అన్నీ ఉన్నాయి. గాడి మాత్రం సూటిగా ఉంది. వంపు పెట్టడం పెద్ద విశేషం కాదు, ఎవరికైనా తడుతుంది అని అభ్యంతరం రాశాను. చాలా బాగా వచ్చింది. గురువుగారు చూస్తే భుజం తట్టేవారు.

మా ఆఫీసు నుంచి వెళ్ళే అభ్యంతరాల మీద పరీక్షించినవాళ్ళ పేరు ఉండదు, ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుని ఇవాళ కాస్త ఎక్కువసేపు చూశాను. అవతల దాన్ని చదివే మనిషికి అది ఎవరో ఏం తెలుస్తుంది?

పంపేశాను. మామూలుగా మూడు నెలలు గడువిస్తారు. ఇచ్చాను.

ఫిబ్రవరి 14

జవాబు రాలేదు. నిన్న పంపితే ఇవాళ ఎలా వస్తుంది, బుద్ధి ఉండాలి.

ఫిబ్రవరి 27

రాలేదు.

మార్చి 11

రాలేదు. పక్క సీటాయన నా వైపు చూసి, ఏంటమ్మా, ఈ మధ్య కంప్యూటర్ని తెరవగానే మొహం అలా పెడుతున్నారు, లాటరీ ఏమైనా కొన్నారా అన్నాడు. ఆయన పరీక్షించేవి తాళాలు, తలుపు బందులు. ఆయనకి లోకంలో ఏదైనా మూసుకునేదో తెరుచుకునేదో అయి ఉండాలి. కళ్ళు మండుతున్నాయన్నాను. చుక్కల మందు పేరు రాసిచ్చాడు.

మార్చి 19

ఆ మనిషి గురించి నాకున్న ఫిర్యాదు ఒక్కటే. వినడు. నేను పొద్దున్న లేచింది మొదలు మాట్లాడతాను, అది నిజమే. కానీ పక్క గదిలో రేడియోకైనా మనం అప్పుడప్పుడూ తల ఊపుతాం. ఆ మనిషి ఏదో ఒక డబ్బా విప్పి ముందు పెట్టుకుని, స్క్రూలు పళ్ళెంలో పోసుకుని, అందులో దూరిపోయేవాడు. ఊఁ అనేవాడు కాదు. కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. వినలేదు, అంతే. వదిలి వచ్చేటప్పుడు అన్నాను, విననివాడితో ఉండటానికీ ఎవరూ లేకుండా ఉండటానికీ తేడా ఏముంది అని. అది కూడా వినలేదనుకుంటా.

తేడా ఉంది. ఇప్పుడు తెలుస్తోంది. ఎవరూ లేని ఇంట్లో మాట్లాడబుద్ధి కాదు. నేను ఇంట్లో మాట్లాడటం మానేసి ఎన్నాళ్ళయిందో.

మార్చి 20

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. వద్దులే. దీన్ని చదివేది నేనేగా.

ఏప్రిల్ 2

వచ్చింది!

జవాబు ఏజెంటు రాసింది. అర్జీదారుల తరఫున మాతో వాదించడానికి ఏజెంట్లుంటారు, వాళ్ళ భాష అంతా ఒకే మూసలో ఉంటుంది, 'సవినయంగా మనవి చేయునది' దగ్గర్నుంచి. మొదటి పేజీలన్నీ అదే. చివర్లో మాత్రం ఒక పేరా ఉంది. అది ఏజెంటుది కాదు. కావాలని మార్చకుండా వదిలేసినట్టుంది. ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"బొటనవేలి చివరి కణుపు వంగనివారు బటన్‌ను నొక్కలేరు. బయటికి తోయలేరు. లోపలికైతే లాగగలరు. అందుకే దారి లోపలికి పెట్టాం. మంచి వేళ్ళున్నవాళ్ళకి ఇది తట్టదు, వాళ్ళకి అవసరం లేదు కనుక."

మళ్ళీ మళ్ళీ చదివాను.

ఇవి నా మాటలు.

ఏప్రిల్ 3

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. వంటింటి గట్టు మీద నేను టార్చి వెలిగించబోతే వెలగలేదు. కుడి చేతిలో గిన్నె ఉంది, ఎడమ చేత్తో నొక్కాలి, నా బొటనవేలు సంగతి తెలిసిందే. ఆ మనిషి గుమ్మంలో కూర్చుని, మిగిలిన వెలుతుర్లో ఏదో విప్పుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఇంటి నిండా బటన్లు చేసేవాడివి, అన్నీ మంచి వేళ్ళున్నవాళ్ళకే చేస్తావేం? నేను నొక్కలేను, బయటికి తోయలేను. లోపలికైతే లాగగలను. నా కోసం ఒక్కసారైనా దారి లోపలికి పెట్టావా?" అన్నాను.

తల ఎత్తలేదు. ఊఁ అనలేదు. నేను కొవ్వొత్తి వెలిగించుకున్నాను. ఆ తర్వాత కొద్దిరోజులకే వచ్చేశాను. ఆ సాయంత్రం వల్లనే అని కాదు. ఆ సాయంత్రం లాంటివి చాలా ఉన్నాయి.

ఏప్రిల్ 4

అయితే విన్నాడన్నమాట.

ఏప్రిల్ 5

విన్నాడు, విని ఏం చేశాడు? నా మాట కాజేసి పేటెంటు అడుగుతున్నాడు! నా వేలు బొమ్మ గీసి, నా నోట్లోంచి ఊడిపడ్డ మాట పొల్లుపోకుండా రాసి, కింద తన పేరు పెట్టుకున్నాడు. పక్కింటావిడ ఏమంది? దొంగల్ని పట్టుకోవడమా అంది. ఇదిగో దొరికాడు. పదేళ్ళ కాపురంలో ఒక్కసారి చెవినపెట్టాడు, అదీ వ్యాపారం కోసం.

నాకు ఇంత కోపం వచ్చి చాలా రోజులైంది. ఆకలి కూడా వేసింది. కడుపు నిండా తిన్నాను.

ఏప్రిల్ 8

కసిగా వెతికాను. దొరికింది. ఒక పాత కెమెరా. దాని మీట వంపు గాడిలో జారుతుంది. టార్చి కాగితం, కెమెరా కాగితం పక్కపక్కన పెడితే బటన్ పని అయిపోయినట్టే. టార్చి నుంచి బటన్, కెమెరా నుంచి వంపు, రెండూ కలిపితే ఎవరికైనా తడుతుంది అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఫైలు మూసేయొచ్చు.

ఫైలు మూసేస్తే ఇంక జవాబులు రావు.

ఏప్రిల్ 9

కెమెరా కాగితం ఫైల్లో పెట్టలేదు. ఇంకా పరిశీలించాలి. తొందరపడి రాయడం నా పద్ధతి కాదు.

ఏప్రిల్ 15

కెమెరా వంపు బయటికి తిరిగి ఉంది. ఇతనిది లోపలికి. ఇది నిజంగా తేడానే. బయటికి ఉన్న వంపు చూసినవాడికి లోపలికి తిప్పాలని ఎందుకు తడుతుంది? వంగని వేలుతో ఒకరు అవస్థ పడటం చూస్తే తప్ప తట్టదు. కాబట్టి పేటెంటు ఇవ్వాలి.

అలా అని నేననుకుంటున్నానా, అలా అనుకోవాలని ఉందా? సోమవారం కోపంతో చూస్తే రెండు కాగితాలూ కలిసిపోతాయి. మంగళవారం బెంగతో చూస్తే విడిపోతాయి. కాగితాలు అవే. గురువుగారూ, నేను పేరు చూడలేదండీ. అయినా కన్ను వంకరపోయింది.

ఏప్రిల్ 16

పక్క సీటాయన ఏవో కాగితాలు అడగడానికొచ్చి నా తెర మీద మూడో బొమ్మ చూశాడు. కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు. ఎవరో గానీ ఈ వేలంటే బాగా ఇష్టమున్నవాడమ్మా గీసింది, బటన్ కన్నా వేలే శ్రద్ధగా గీశాడు అన్నాడు. నేను ఎడమ చేయి బల్ల కిందికి తీసేశాను.

ఏప్రిల్ 17

నాకు ఆ మనిషి కావాలి.

రాసేశాను. కొట్టెయ్యను.

ఏప్రిల్ 21

హియరింగ్ పెట్టాను. ఎదురెదురుగా కూర్చుని వాదన వినడం. అవసరమైన కేసే, బటన్ ఎలా జారుతుందో చూస్తే గానీ తేలదు. నమూనా తీసుకుని రమ్మని ఏజెంటుకి రాశాను. వేరే ఉద్దేశం ఏమీ లేదు.

ఏప్రిల్ 24

ఏజెంటు జవాబు. 'నమూనాతో ఆవిష్కర్త స్వయంగా హాజరగుదురు.'

ఏప్రిల్ 25

గంధం రంగు చీర ఇస్త్రీకి ఇచ్చాను. ఊరికే, చాలా రోజులైంది కట్టి. జుట్టుకి రంగు వేసుకుందామా వద్దా అని అక్కకి ఫోన్ చేస్తే, ఎందుకు, ఏంటి సంగతి అని కూపీ లాగింది. ఏం లేదు, ఆఫీసులో ఒక మీటింగ్ అన్నాను. ఆఫీసు మీటింగులకి ఎప్పుడు రంగు వేశావే అంది.

ఆ మనిషి గదిలోకొస్తాడు. బల్లకి అవతల కూర్చుంటాడు. ఇవతల నేను. తల ఎత్తుతాడు కదా ఈసారి? పరీక్షించే అధికారి ఎదురుగా ఉంటే తల ఎత్తక తప్పదు కదా. అప్పుడు నేనేం అడగాలి? గాడి వంపు ఎంత అని అడగాలి. స్ప్రింగు దేనితో చేశారు అని అడగాలి. నా మాట ఎందుకు కాజేశావు అని నంబరున్న అధికారి అడగకూడదు. ఎలా ఉన్నావు అని అసలే అడగకూడదు.

ఇన్నేళ్ళ తర్వాత ఎదురుపడి స్ప్రింగు గురించి మాట్లాడాలి. ఆ తర్వాత ఇవ్వాలి, లేదా కొట్టెయ్యాలి. ఇస్తే, మొగుడని ఇచ్చినట్టు. కొట్టేస్తే, మొగుడని కొట్టేసినట్టు. ఎటు చేసినా ఆ బటన్‌కి న్యాయం జరగదు. పాపం అది బాగా చేసిన బటన్. ఫైలు నా చేతిలో ఉన్నంతకాలం అతనితో ఒక్క మాట మాట్లాడకూడదు. వదిలేస్తే మాట్లాడొచ్చు, కానీ మాట్లాడటానికి నా దగ్గర ఇంకేం మిగలదు. ఈ నాలుగు కాగితాలేగా మా మధ్య ఉన్నవి.

ఏప్రిల్ 28, సోమవారం

చెప్పేశాను.

పొద్దున్నే పెద్దసారు గదికి వెళ్ళాను. కూర్చోమన్నారు, నిలబడే చెప్పాను. ఈ బటన్ ఫైలు నేను చూడకూడదు సార్, మా ఆయనది అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టారు. మొదటి పేజీలో చూసుకోలేదా అని అడిగారు. నేను మొదటి పేజీ చదవను సార్ అన్నాను. సరే, ఇప్పుడు చదివి తెలుసుకున్నారన్నమాట అన్నారు. ఇప్పుడూ చదవలేదు సార్ అన్నాను.

"చదవకుండా ఎలా తెలిసిందమ్మా?"

నేను ఎడమ చేయి చాచి బల్ల మీద పెట్టాను. మూడో బొమ్మ చూడండి సార్ అన్నాను. ఆయన కంప్యూటర్లో తీసి చూశారు. నా వేలు చూశారు. మళ్ళీ బొమ్మ చూశారు. పాపం మంచాయన, నవ్వు ఆపుకోవడానికి గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత అధికారిగా మాట్లాడారు. ఫిబ్రవరిలోనే చెప్పాల్సింది, మెమో తప్పదు, ఇప్పటిదాకా మీరు రాసిందంతా పక్కన పెట్టి పక్క సీటాయన మొదట్నుంచీ చూస్తాడు, హియరింగ్ వచ్చే సోమవారానికి వాయిదా అని. అన్నిటికీ తల ఊపాను. కెమెరా కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. ఇదొకటుంది సార్, ఫైల్లో పెట్టకుండా నా దగ్గర ఉంచుకున్నాను అన్నాను. ఈసారి ఆయనకి నవ్వు రాలేదు. మెమోలో అదీ రాస్తానన్నారు. రాయమన్నాను.

తప్పుకుంటున్నట్టు ఒక ఫారం నింపాలి. ఆవిష్కర్త పేరు ఫైల్లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా రాయాలి. అంటే మొదటి పేజీ తెరవాలి. సంబంధం అన్న గడిలో 'భర్త' అని ముందే రాసేసి, పేరు గడి ఖాళీగా పెట్టుకుని, ఆయన తెర వైపు తిరిగాను.

మొదటి పేజీ తెరుచుకుంది.

ఆవిష్కర్తలు అని ఉంది. ఆవిష్కర్త కాదు, ఆవిష్కర్తలు. మొదటి పేరు ఆ మనిషిది. దాని కింద ఇంకో పేరు.

నాది. అతని ఇంటిపేరుతో, నా పేరు.

పక్కన సంతకం చోట సంతకం లేదు. దానికి బదులు నాలుగు లైన్లున్నాయి. 'బటన్ దారి లోపలివైపుకు ఉండాలన్న ఆలోచన ఈ రెండవ ఆవిష్కర్తది. వీరి సంతకం పొందలేకపోయాము. తెలిసిన చిరునామాకు పంపిన ఉత్తరాలన్నీ తిరిగి వచ్చాయి. తగిన ప్రయత్నం చేసినా వీరి ఆచూకీ దొరకలేదు.'

ఇందాక వద్దన్న కుర్చీలో కూర్చున్నాను. పెద్దసారు కూడా చదివారు. ఫ్యాను పెంచారు. ఫారం నా ముందుకి జరిపి, మెల్లిగా, "రెండో ఆవిష్కర్తతో సంబంధం కూడా రాయాలమ్మా" అన్నారు.

నేనే అని రాశాను.

ఏప్రిల్ 28, సాయంత్రం

అక్కకి ఫోన్ చేశాను. ఉత్తరాలొచ్చాయా అని అడిగాను. వచ్చాయి అంది. ఎన్నో వచ్చాయి, చివరివి ఎవరో ఏజెంటువి, ఒకసారి మరిదే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఒక్క సంతకం వదినా అన్నాడు, నాకు తెలియదన్నాను అంది. నాకు ఎందుకు చెప్పలేదే అన్నాను.

"నువ్వేగా చెప్పొద్దన్నావు."

అక్క ఏడుస్తోంది. నేను ఏడవలేదు. తర్వాత ఏడ్చాను.

ఏప్రిల్ 30

మెమో వచ్చింది. భద్రంగా పెట్టుకున్నాను.

మే 2

ఫోన్ చెయ్యొచ్చు. ఫైలు నాది కాదు, ఇప్పుడు ఏ నియమమూ అడ్డు లేదు. నంబరు కూడా మొదటి పేజీలో ఉంది. చెయ్యలేదు. ఫోన్‌లో నేను మాట్లాడతాను, అటు మాట ఉండదు, విన్నాడో లేదో తెలియదు. ఫోన్ పనికిరాదు ఈ మనిషికి.

మే 5, సోమవారం

సెలవు పెట్టాను. సెలవు పెట్టి ఆఫీసుకే వెళ్ళాను. గంధం రంగు చీర. జుట్టుకి రంగు వెయ్యలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఎప్పటిలాగే సెల్యూట్ కొట్టాడు. విజిటర్ పాస్ కావాలన్నాను. మీకెందుకు మేడమ్ అని నవ్వాడు. ఇవాళ నేను విజిటర్నే అన్నాను. ఎవరిని కలవాలి అన్న చోట ఏం రాయాలో తెలియక, హియరింగ్ అని రాశాను.

రెండో అంతస్తు వరండా. రోజూ నేను లోపలి తలుపులోంచి వెళ్ళేదాన్ని. బయటి బెంచీ మీద ఎవరు కూర్చుంటారో ఎప్పుడూ చూడలేదు. ఏజెంటు ఒక లావుపాటి ఆవిడ, ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆవిడ పక్కన ఆ మనిషి. చిన్న అట్టపెట్టె మోకాళ్ళ మీద పెట్టుకుని, మూత తీసి, అందులోకి చూస్తూ కూర్చున్నాడు. జుట్టు బాగా నెరిసింది. చిక్కిపోయాడు. చొక్కా జేబులో అదే చిన్న స్కేలు. తల ఎత్తలేదు. నేనొచ్చి ముందు నిలబడినా ఎత్తలేదు.

ఏజెంటు నన్ను ఎగాదిగా చూసి, మీరెవరండీ, ఇక్కడ మా కేసు నడుస్తోంది అంది.

"రెండో పేరు నాదండీ," అన్నాను. "ఆచూకీ దొరకలేదని రాశారు."

ఆవిడ నోరు తెరిచింది, మూయలేదు. ఆ మనిషి చెయ్యి పెట్టెలో ఆగిపోయింది. అప్పుడు తల ఎత్తాడు. నా మొహం కన్నా ముందు నా ఎడమ చేయి చూశాడు, అక్కడ్నుంచి పైకి వచ్చాడు. కళ్ళల్లో నీళ్ళు నిండిపోతున్నా తుడుచుకోలేదు. ఏమీ అనలేదు. అనడని నాకు తెలుసు. పెట్టెలోంచి నమూనా తీసి, కుడి చేతికి కాదు, ఎడమ చేతికి అందించాడు.

చిన్న టార్చి. బొటనవేలు పెట్టాను. నొక్కలేదు, తోయలేదు. లోపలికి లాగాను. వెన్నలా జరిగింది. పట్టపగలు వరండాలో దీపం వెలిగింది.

అన్నీ అనాలనుకున్నాను. ఉత్తరాల సంగతి, అక్క గుమ్మం, కాజేశావని తిట్టుకున్న సంగతి, కెమెరా కాగితం నేనే ఇచ్చానని, లోపల దాంతోనే మన పని పట్టబోతున్నారని. ఒక్కటే వచ్చింది నోటికి.

"విన్నావన్నమాట. మరి అప్పుడే ఊఁ అనొచ్చుగా?"

పెట్టెకి మూత పెట్టాడు.

"ఊఁ," అన్నాడు.

లోపల్నుంచి పక్క సీటాయన పిలిచాడు. గదిలో మా వైపు రెండు కుర్చీలే ఉన్నాయి. ఏజెంటు ఇంకోటి తెప్పించుకుంది.